బైక్ స్ప్రాకెట్ దగ్గర ఆయిల్ కారుతోందా? స్పెషల్ టూల్స్ లేకుండా ఇంట్లోనే ఆయిల్ సీల్ మార్చుకోవడం

బైక్ నిలబెట్టిన చోట ఎడమవైపు నేల మీద నల్లటి మరక, చైన్ కవర్ కింద తడి, వెనక టైరు పక్కన సన్నగా జిడ్డు. ఈ మూడూ కలిసి కనబడితే చాలావరకు అది ముందు స్ప్రాకెట్ (చైన్‌ని లాగే చిన్న పళ్ళ చక్రం) వెనకున్న ఆయిల్ సీల్ పనే. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బైకుల్లో ఇంజన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్, అదీ సుమారు లీటరే. కాబట్టి "గేర్‌బాక్స్ దగ్గర కదా, ఇంజన్‌కి ఏమవుతుందిలే" అని వదిలేస్తే ఆయిల్ లెవెల్ పడిపోయి పైన క్యామ్ షాఫ్ట్, లోపల పిస్టన్ అరిగిపోతాయి. పైగా ఆ జిడ్డు వెనక టైరు మీద పడితే మలుపులో బండి జారుతుంది. వాయిదా వేసే పని కాదిది.

కంపెనీ సర్వీస్ సెంటర్లలో దీనికి సీల్ డ్రైవర్, సీల్ పుల్లర్ అని విడిగా పనిముట్లు ఉంటాయి. మీ దగ్గర అవి లేకపోయినా ఫర్వాలేదు. సీల్‌కి కావలసింది మూడే: నిటారుగా లోపలికి వెళ్ళాలి, దాని లిప్‌కి (లోపలి సన్నటి రబ్బరు అంచుకి) గీత పడకూడదు, లిప్ ఆనే షాఫ్ట్ (స్ప్రాకెట్‌ని తిప్పే ఇరుసు) నున్నగా ఉండాలి. ఈ మూడూ చూసుకుంటే పీవీసీ గొట్టం ముక్కతో వేసిన సీల్ కూడా ఏళ్ళ తరబడి నిలబడుతుంది. ఇవి పట్టించుకోకుండా స్క్రూ డ్రైవర్ మొనతో చుట్టూ కొట్టి కూర్చోబెట్టిన సీల్ మాత్రం, ఎంత మంచి కంపెనీదైనా, కొన్నాళ్ళకే మళ్ళీ కారుతుంది. నేను చూసిన రిపీట్ లీకుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

ముందు లీక్ ఎక్కడో తేల్చుకోండి

ఆ మూల నుంచి ఆయిల్ కారడానికి చాలా దారులున్నాయి. గేర్ పెడల్ తగిలించే షాఫ్ట్‌కి విడిగా ఒక చిన్న సీల్ ఉంటుంది. న్యూట్రల్ స్విచ్ దగ్గర ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) ఉంటుంది. మాగ్నెట్ కవర్ గాస్కెట్ నుంచి కారిన ఆయిల్ గాలికి వెనక్కి కొట్టుకొచ్చి స్ప్రాకెట్ దగ్గరే చేరుతుంది. ఇవేవీ కాకుండా, మీరు చైన్‌కి వేసిన ఆయిలే చిమ్మి అక్కడ పేరుకుపోయి ఉండొచ్చు.

అందుకే గేర్ పెడల్, స్ప్రాకెట్ కవర్ విప్పేసి ఆ చోటంతా డీజిల్, పాత బ్రష్‌తో కడగండి. మట్టీ జిడ్డూ కలిసి గట్టిపడిన ముద్ద ఉంటే చెక్క పుల్లతో గీకండి. గుడ్డతో పొడిగా తుడిచాక ముఖానికి రాసుకునే పౌడర్ సీల్ చుట్టూ చల్లండి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో కొన్ని నిమిషాలు ఇంజన్ నడవనిచ్చి, ఆపాక చూడండి. ఏ చోట పౌడర్ ముందు తడిసి నల్లబడిందో అక్కడే లీక్. నిలబెట్టి నడిపితే ఏమీ కనబడకపోతే కవర్ బిగించి ఒక చిన్న రౌండ్ వేసి వచ్చి మళ్ళీ విప్పి చూడాలి, ఎందుకంటే కొన్ని సీల్స్ షాఫ్ట్ తిరిగినప్పుడే వదులుతాయి. ఇంజన్ నడుస్తుండగా మాత్రం చెయ్యి, గుడ్డ చైన్ దగ్గరికి పోనివ్వకండి. గుడ్డను స్ప్రాకెట్ లాక్కుంటే దాంతోపాటు వేలూ పోతుంది.

కొత్త సీల్ కొనేటప్పుడు

బండి మోడల్, సంవత్సరం చెప్పి ఒరిజినల్ పార్ట్ అడగడం అన్నిటికన్నా మేలు. దొరకకపోతే సైజు చూసి కొనొచ్చు. సీల్ ముఖం మీద 20 34 7 లాగా మూడు అంకెలు అచ్చేసి ఉంటాయి (ఇవి ఉదాహరణకే, మీ బండివి వేరే ఉండొచ్చు): మొదటిది షాఫ్ట్ కొలత, రెండోది బయటి కొలత, మూడోది మందం, అన్నీ మిల్లీమీటర్లలో. పక్కనే టీసీ అని ఉంటే రెండు లిప్‌లు, లోపల స్ప్రింగ్, బయట రబ్బరు పూత ఉన్న రకం. ఎస్‌సీ అంటే దుమ్ము ఆపే రెండో లిప్ లేనిది. టీబీ అంటే బయట రబ్బరు లేకుండా రేకే ఉన్నది. స్ప్రాకెట్ పక్కన దుమ్మూ బురదా ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అక్కడ రెండు లిప్‌ల రకమే వేయాలి, ఎస్‌సీ చవగ్గా వస్తుందని తీసుకోకండి.

విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల బేరింగుల షాపుల్లో కొలత చెబితే సీల్ ఇస్తారు. ఎన్‌ఓకే, ఫ్రాయిడెన్‌బర్గ్ లాంటి పేరున్న కంపెనీలవి అడగండి. చేతిలోకి తీసుకోగానే లోపలి లిప్ మీద వేలు పోనివ్వండి. అంచు సన్నగా, ఎక్కడా తెగకుండా, చుట్టూ ఒకేలా ఉండాలి. వెనక స్ప్రింగ్ గాడిలోనే ఉండాలి. ఏళ్ళ తరబడి షాపులో పడి ఉండి రబ్బరు బిరుసెక్కిన సీల్ కొత్తదైనా పనికిరాదు. మామూలుగా వచ్చేది నైట్రైల్ రబ్బరు, అది సుమారు 100 డిగ్రీల వేడి వరకు హాయిగా తట్టుకుంటుంది, స్ప్రాకెట్ దగ్గర అంతకు మించి అవసరం రాదు. ఇంకా ఎక్కువ వేడి తగిలే చోట్లకి వైటాన్ రబ్బరువి ఉంటాయి, ధర ఎక్కువ. ఈ పనికి అవి అక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

8, 10 నంబర్ టీ స్పానర్లు, వెనక యాక్సిల్ నట్టుకి సరిపోయే పానా, స్క్రూ డ్రైవర్, కటింగ్ ప్లేయర్, చిన్న సుత్తి, చెక్క ముక్క, చెక్కకి కొట్టే మొనదేలిన స్క్రూలు రెండు, కొంచెం గ్రీజు, ఖాళీ కూల్ డ్రింక్ బాటిల్, వేస్ట్ క్లాత్. ఇవికాక ఒక పీవీసీ గొట్టం ముక్క.

గొట్టం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, పనంతా దీని మీదే ఆధారపడి ఉంది. గొట్టం బయటి కొలత సీల్ బయటి కొలతకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. అప్పుడే దెబ్బ సీల్ బయటి రేకు మీద పడుతుంది, గొట్టం కూడా సీల్‌తోపాటు గూట్లోకి (ఇంజన్ కేస్‌లో సీల్ కూర్చునే గుండ్రటి చోటులోకి) కొంచెం దిగగలుగుతుంది. గొట్టం మరీ చిన్నదైతే దెబ్బ మధ్యలో రబ్బరు మీద పడి సీల్ లోపలికి వంగిపోతుంది. మన దగ్గర పొలాలకీ ఇళ్ళకీ వాడే మెట్రిక్ పీవీసీ గొట్టాలకి 20, 25, 32, 40 అని చెప్పే సైజు బయటి కొలతే, కాబట్టి 34 మి.మీ. సీల్‌కి 32 మి.మీ. గొట్టం చక్కగా సరిపోతుంది. ఇంచుల లెక్కన అమ్మే షెడ్యూల్ గొట్టాలు వేరు: అందులో ఇంచు గొట్టం బయటి కొలత 33.4, ముప్పావు ఇంచుది 26.7 మి.మీ. అంకెల్ని నమ్ముకోకుండా కొత్త సీల్ జేబులో వేసుకెళ్ళి హార్డ్‌వేర్ షాపులోనే గొట్టం మీద పెట్టి చూసుకోండి. జాన కంటే తక్కువ పొడవు చాలు, కానీ షాఫ్ట్ బయటికి పొడుచుకొచ్చినంతకన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే సుత్తి దెబ్బ షాఫ్ట్ మీద పడుతుంది. గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోశాక ఆ కోత నిటారుగా లేకపోతే సీలూ వంకరగానే దిగుతుంది. అందుకే కోసిన అంచుని బండ మీద పరిచిన ఎమరీ పేపర్‌కేసి రుద్ది సమం చేయండి. సరిపోయే పెద్ద బాక్స్ సాకెట్ ఉంటే అదీ పనికొస్తుంది గానీ, పొడవాటి షాఫ్ట్ దాని లోపల పట్టదు.

విప్పడం

ఆయిల్ మార్చే టైంకి ఈ పని పెట్టుకుంటే మంచిది. ఎలాగూ డ్రెయిన్ చేస్తారు కాబట్టి సీల్ తీయగానే ఆయిల్ బయటికొస్తుందన్న టెన్షన్ ఉండదు. ఆయిల్ దింపకుండా చేయాలనుకుంటే సైడ్ స్టాండ్ మాత్రం వేయకండి, బండి ఎడమవైపుకే వాలుతుంది, ఉన్న ఆయిలంతా అటే వస్తుంది. సెంటర్ స్టాండ్ మీదే పెట్టండి.

చైన్ వదులు చేసే ముందు ఒకటి చూసుకోండి. స్ప్లెండర్ రకం బండ్లలో ముందు స్ప్రాకెట్‌ని పల్చటి ప్లేటు ఒకటి, రెండు చిన్న 10 నంబర్ బోల్టులు పట్టి ఉంచుతాయి. ఆ బోల్టులు తీసి ప్లేటుని కొంచెం తిప్పితే షాఫ్ట్ గాళ్ళకి సరిగా వచ్చి బయటికి జారుతుంది. మరికొన్ని బండ్లలో మధ్యలో పెద్ద నట్టు ఉంటుంది, దాని వెనక వాషరు అంచు మడిచి ఉంటుంది. ఆ మడతని ముందు సాపు చేయాలి. బండి గేర్‌లో పెట్టి ఇంకొకరు వెనక బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుంటే నట్టు వదులుతుంది. చైన్ తీసేశాక అయితే షాఫ్ట్‌ని ఆపే ఆధారం ఉండదు, కాబట్టి నట్టు వదులయ్యాకే చైన్ జోలికి వెళ్ళాలి.

తర్వాత వెనక యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు పక్కలా అడ్జస్టర్ ఏ గుర్తు మీద ఉందో ఫోటో తీసి, చక్రం ముందుకి జరపండి. చైన్‌తోపాటే స్ప్రాకెట్‌ని షాఫ్ట్ మీంచి లాగి పక్కన పెట్టండి. ఇప్పుడు సీల్ కనబడుతుంది. దాన్ని పీకేముందు ఇంకోసారి ఆ చుట్టూ శుభ్రం చేయండి. సీల్ బయటికి రాగానే దాని వెనక బేరింగ్ తెరుచుకుంటుంది, అందులోకి ఒక్క ఇసుక రవ్వ పోయినా నష్టమే.

సీల్ ఇంజన్ కేస్ అంచుకి సమంగా ఉందా, లోపలికి ఉందా, ఉంటే ఎంత? స్టీల్ స్కేలు చివరతో కొలిచి రాసుకోండి. కొన్ని ఇంజన్లలో సీల్‌కి బయట అంచు ఉండి అది కేస్ లోపలి గాడిలో ఇరుక్కుని ఉంటుంది, ఇంకొన్నిటిలో సీల్ మీద ఒక ప్లేటు బోల్టులతో బిగించి ఉంటుంది. ప్లేటు అయితే విప్పేస్తే సరి. గాడి రకమైతే బయటినుంచి రాదు, ఇంజన్ కేస్ విడదీయాల్సిందే. బలవంతంగా లాగితే గూడు పగులుతుంది. మీ మోడల్ ఏ రకమో స్పేర్ పార్ట్స్ షాపులో కొత్త సీల్ ఆకారం చూస్తేనే తెలిసిపోతుంది: బయటి అంచు నున్నగా, గట్టు లేకుండా ఉంటే బయటినుంచి తీయొచ్చు.

పాత సీల్ పీకడం

షాఫ్ట్‌కీ గూటికీ సరిగ్గా మధ్యలో, సీల్ ముఖం మీద, సన్న మేకుతో చిన్న రంధ్రం పొడవండి. రేకు గట్టిగా ఉండి మేకు దిగకపోతే 2 మి.మీ. డ్రిల్ బిట్‌కి గ్రీజు పూసి మెల్లగా రంధ్రం చేయండి, ఇనప రజను గ్రీజుకి అంటుకుని బయటికే వస్తుంది. అందులో స్క్రూ రెండు మూడు మరలు బిగిస్తే చాలు. సీల్ వెనకే బేరింగ్ ఉంటుంది కాబట్టి లోతుగా దించకండి. ఎదురు పక్కన రెండో స్క్రూ కూడా అలాగే. ఇప్పుడు ప్లేయర్‌తో ఒకసారి ఈ స్క్రూ, ఒకసారి ఆ స్క్రూ పట్టుకుని కొంచెం కొంచెంగా లాగితే సీల్ మొత్తం వస్తుంది.

స్క్రూ డ్రైవర్‌ని సందులో దూర్చి పైకి ఎగదన్నే పద్ధతి త్వరగా అయ్యేదే, చాలామంది చేసేదీ అదే. కానీ ఆ మొన షాఫ్ట్ మీదో గూటి అంచు మీదో గీత పెడితే కొత్త సీల్ ఆ గీత దగ్గరే వదులుతుంది, ఆ గీతని ఇంట్లో పోగొట్టలేం. అల్యూమినియం గూడు మరీ మెత్తన. నాకు ఈ పనిలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: చవగ్గా దొరికే సీల్ కోసం షాఫ్ట్ పాడు చేసుకోవడం.

షాఫ్ట్ ఏం చెబుతోంది

పాత సీల్ పారేయకండి, అందులో కారణం ఉంటుంది. లిప్ గట్టిపడి గాజులా మెరుస్తుంటే వయసు, వేడి. ఒక పక్కే ఎక్కువ అరిగితే బేరింగ్ వదులై షాఫ్ట్ ఊగుతోందని అర్థం. షాఫ్ట్‌ని పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడండి. చేతికి తెలిసేంత ఆట ఉంటే ఎన్ని సీల్స్ వేసినా ఆగదు, ముందు బేరింగ్ చూపించాలి. చైన్ మరీ బిగుతుగా పెట్టి తిరిగే బండ్లలో ఇది ఎక్కువ. ఊళ్ళల్లో ఇంకోటి చూస్తాం: గడ్డి పోచ, దారం, ప్లాస్టిక్ సంచి పీలిక షాఫ్ట్‌కి చుట్టుకుని లిప్ కిందికి దూరిపోవడం.

ఇప్పుడు లిప్ ఆనిన చోట షాఫ్ట్ మీద గోరు పెట్టి పొడవునా జరపండి. మెరిసే గీత కనబడినా గోరుకి తగలకపోతే ఫర్వాలేదు. గోరు ఆగేంత గాడి ఉంటే కొత్త లిప్ కూడా ఆ గాడిలోనే కూర్చుంటుంది. అప్పుడు గూట్లో చోటు ఉంటే సీల్‌ని పాత లోతుకన్నా ఒక మిల్లీమీటరు అటో ఇటో ఆపండి, లిప్ నున్నటి చోట ఆనుతుంది. తుప్పు చుక్కలుంటే 1000 నంబర్ వాటర్ పేపర్‌ని ఆయిల్‌లో తడిపి షాఫ్ట్ చుట్టూ తిప్పుతూ రుద్దండి. షాఫ్ట్ పొడవునా రుద్దితే మాత్రం ఆ సన్నని గీతల వెంటే ఆయిల్ బయటికొస్తుంది. రుద్దేటప్పుడు బేరింగ్‌ని గుడ్డతో కప్పండి.

కొన్ని బైకుల్లో సీల్ నేరుగా షాఫ్ట్ మీద కాక, షాఫ్ట్‌కి తొడిగిన కాలర్ మీద ఆనుతుంది, ఆ కాలర్ లోపల ఓ-రింగ్ ఉంటుంది. అది పాతబడితే ఆయిల్ కాలర్ కిందినుంచి వస్తుంది, చూడ్డానికి సీల్ లీకు లాగే ఉంటుంది. కాలర్ ఉంటే ఓ-రింగ్ కూడా తప్పకుండా మార్చండి. కాలర్ మీద గాడి పడితే కాలరే కొత్తది వేస్తే సరిపోతుంది, షాఫ్ట్ మార్చక్కర్లేదు.

కొత్తది కూర్చోబెట్టడం

గూడుని పొడి గుడ్డతో తుడవండి. సీల్ బయటి అంచుకి రబ్బరు పూత ఉంటే ఒక చుక్క ఆయిల్ రాస్తే చాలు. అనబాండ్ పేస్టు (గాస్కెట్లకి పూసే లీకు ఆపే జిగురు) పూయాలనిపిస్తుంది, పూయకండి. అది లిప్ మీదికి, బేరింగ్ లోపలికి, ఆయిల్ దారుల్లోకి పోతుంది. బయట రేకే ఉన్న రకమై, గూట్లో పాత గీతలుంటే మాత్రం గూటి అంచుకి పల్చగా ఒక పూత.

రెండు లిప్‌ల మధ్య గ్రీజు నింపండి. వెనక స్ప్రింగ్ గాడిలో కూడా కొంచెం పెట్టండి, కొట్టేటప్పుడు స్ప్రింగ్ ఎగిరి పడకుండా ఉంటుంది. లిప్‌కి ఇంజన్ ఆయిల్ రాయండి. ఎండు లిప్‌తో బండి నడిపితే మొదట్లోనే అంచు దెబ్బతింటుంది.

షాఫ్ట్ చివర గాళ్ళు బ్లేడులా పదునుగా ఉంటాయి. వాటి మీంచి సీల్‌ని నేరుగా తోస్తే లిప్ తెగడం ఖాయం. కూల్ డ్రింక్ బాటిల్ నుంచి ఒక ముక్క కత్తిరించి, షాఫ్ట్ చుట్టూ గాళ్ళని కప్పేలా చుట్టి, పైన ఆయిల్ రాయండి. స్ప్రింగ్ కనబడే వైపు ఇంజన్ లోపలికి, అంకెలున్న నున్నటి వైపు మీ వైపుకి ఉండేలా సీల్‌ని ఆ ప్లాస్టిక్ మీంచి కొంచెం తిప్పుతూ జరపండి. గాళ్ళు దాటాక ప్లాస్టిక్‌ని మెల్లగా బయటికి లాగేయండి. లిప్ ఎక్కడైనా బయటికి మడత పడిందేమో టార్చ్ వేసి చూడండి, పడితే సీల్‌ని వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించండి.

తర్వాత రెండు బొటనవేళ్ళతో చుట్టూ సమంగా నొక్కి గూటి అంచులో నిలబెట్టండి. పైన పీవీసీ గొట్టం, దాని మీద చెక్క ముక్క, ఆ చెక్క మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. గట్టిగా ఒక్క దెబ్బ వేయాలన్న తొందర వద్దు. రెండు మూడు దెబ్బలకి ఒకసారి ఆపి, గొట్టం తీసి, పైనా కిందా కుడీ ఎడమా నాలుగు చోట్ల స్కేలుతో లోతు చూడండి. ఒక పక్క ఎక్కువ దిగితే గొట్టాన్ని ఎత్తుగా ఉన్న వైపుకి ఆనించి మెల్లగా తట్టండి. బాగా వంకరపోతే కొట్టి సరిచేయాలని చూడకుండా బయటికి తీసేయడమే మంచిది. రేకు వంగి ఉంటే ఆ సీల్ ఇక వాడకండి.

మీ బండిది పెద్ద నట్టు రకమైతే సుత్తి కూడా అక్కర్లేదు. గొట్టాన్ని షాఫ్ట్ మరలు కాస్త బయటికి కనబడేంత పొట్టిగా కోసి, దాని మీద దళసరి వాషరు పెట్టి, స్ప్రాకెట్ నట్టునే బిగిస్తూ పోతే సీల్ నిటారుగా, ఒక్క దెబ్బ లేకుండా దిగుతుంది. నాకైతే ఇదే నచ్చిన పద్ధతి.

రాసుకున్న లోతు రాగానే ఆపండి. "ఇంకా పోతోంది కదా" అని తోస్తే చాలా ఇంజన్లలో వెనక ఆపే మెట్టు ఉండదు, సీల్ పోయి బేరింగ్‌కి ఆనుకుంటుంది లేదా ఆయిల్ దారిని మూసేస్తుంది.

బిగింపు, ఆ తర్వాత

స్ప్రాకెట్ పళ్ళు చేప ముల్లులా వంగి ఉంటే ఇప్పుడే చైన్ సెట్ మార్చేయండి. ప్లేటు బోల్టులు చిన్నవి, చిన్న పానాతో చేతి మణికట్టు బలమే చాలు, మరలు పోగొట్టుకోవద్దు. నట్టు రకమైతే కొత్త లాక్ వాషరు వేసి అంచు మడవండి. చైన్ లింక్ విప్పి ఉంటే, లాక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ ముందుకి పోయే దిశలో ఉండాలి. చైన్ లూజు మీ మాన్యువల్‌లో రాసినంత, ఈ బండ్లలో మామూలుగా 25 మి.మీ. అటూ ఇటూ.

ఆయిల్ పోసేటప్పుడు గేజ్ పై గీత దాటనివ్వకండి. ఆ తర్వాత ఒక్కటి తప్పకుండా చూడండి: ఇంజన్ బ్రీదర్ పైపు. క్రాంక్‌కేస్‌లో (ఆయిల్ ఉండే ఇంజన్ కింది భాగంలో) పుట్టే గాలి ఒత్తిడి దాని గుండానే బయటికి పోవాలి. అది మట్టితో పూడినా, ఎక్కడైనా నొక్కుకుపోయినా ఆ ఒత్తిడి ఆయిల్‌ని సీల్స్ మీదికి తోస్తుంది, మీరు ఇంత కష్టపడి వేసిన సీల్ కూడా కారుతుంది. పైపు తీసి నోటితో ఊదితే తెలుస్తుంది. ఒకేసారి రెండు మూడు చోట్ల లీకులు మొదలైన బండిలో నేను ముందు చూసేది ఇదే.

స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు న్యూట్రల్‌లో నడపండి, ఆపి చూడండి. ఓ పది కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్ళీ చూడండి. లిప్ దగ్గర కాస్త గ్రీజు బయటికి రావడం మామూలే, తుడిచేస్తే మళ్ళీ రాదు. తుడిచిన ప్రతిసారీ పల్చటి ఆయిల్ వస్తుంటే లిప్ తెగిందో, మడత పడిందో, లేదా షాఫ్ట్ గాడి దగ్గరే ఆనిందో చూడాలి.

గేర్ షాఫ్ట్ సీల్, కిక్ షాఫ్ట్ సీల్ కూడా ఇదే పద్ధతిలో మార్చొచ్చు, అవి ఇంకా చిన్నవి, ఇంకా తేలిక. కారులో ముందు వైపు క్రాంక్ సీల్‌కి సూత్రం ఇదే గానీ, టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే దాన్ని విప్పి గుర్తులు కలుపుతూ మళ్ళీ వేయడం వచ్చినవాళ్ళే ముట్టుకోవాలి. వెనక మెయిన్ సీల్‌కి గేర్‌బాక్స్ మొత్తం దించాలి. అది ఇంటి ముందు జాకీ మీద చేసే పని కాదు, లిఫ్ట్ ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళండి. దింపిన పాత ఆయిల్‌ని కాలవలో పోయకుండా క్యానులో పట్టి దగ్గర్లో ఉన్న మెకానిక్ షెడ్డులో ఇచ్చేయండి, వాళ్ళ దగ్గర డ్రమ్ము ఉంటుంది.